మా ఇంట్లో మోకాళ్ల బిళ్ల

నా కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసేనాటికి నేను బీకాం రెండో ఏడాదిలో ఉన్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఉప్పు తక్కువ తిండి, కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష తప్ప, నన్ను చూసినవాళ్లకు ఏమీ తెలియదు. ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. రాస్తే కొంచెం కుదుటపడతానేమోనని మొదలుపెట్టాను. కాలేజీకెళ్లే పిల్లలున్న ఇంట్లో ఎవరైనా చదివితే, లేచి వెళ్లి ఒకసారి తమ మందుల డబ్బా తెరిచి చూసుకుంటారేమోనన్న ఆశ కూడా ఉంది.

మాది రాజమండ్రి. నాన్నకు ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ట్రాక్టర్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినప్పుడు నేను ఏడో తరగతి చదువుతున్నాను. నాకు హిందీ తొందరగానే వచ్చేసింది. అమ్మకు మాత్రం కూరగాయల బండి దగ్గర బేరమాడేంత వచ్చి అక్కడితో ఆగిపోయింది. బ్యాంకు పనైనా, గ్యాసు వాళ్లతో గొడవైనా అమ్మ పక్కన నేనుండాల్సిందే. అమ్మ తెలుగులో అడిగేది నేను హిందీలో చెప్పేదాన్ని, వాళ్లు చెప్పింది మళ్లీ తెలుగులో అమ్మకు చెప్పేదాన్ని. చిన్నప్పుడు అదొక గొప్పగా ఉండేది.

ఊరు కాని ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే భాష సమస్య, నాన్న సెలవు సమస్య. అందుకని ఇంట్లో అమ్మే డాక్టరైంది. ఫ్రిజ్ మీద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. జలుబుకొకటి, విరేచనాలకొకటి, నాన్న గ్యాస్‌కొకటి, ఎప్పుడో వాడగా మిగిలిన యాంటీబయాటిక్స్, అన్నీ అందులోనే. అమ్మకు ఇంగ్లీషు పేర్లు చదవడం రాదని కాదు. అట్ట రంగుని బట్టి చెయ్యి పెట్టి తీసేది. ఎప్పుడూ పొరపడేది కాదు.

ఆ డబ్బాలో ఎప్పుడూ అయిపోనిది మోకాళ్ల బిళ్ల. మేం లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉంటాం. మెట్లెక్కి దిగి అమ్మ మోకాళ్లు పట్టేసేవి. ఒక వేసవిలో రాజమండ్రి వెళ్లినప్పుడు అక్కడి ఎముకల డాక్టరు పదిరోజులకు రాసిచ్చిన మాత్ర అది. వేసుకోగానే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. పది రోజులు కాస్తా ఏళ్లయ్యాయి. మా వీధి చివర మందుల షాపాయన నాన్న స్కూటర్ ఆపగానే "భాభీజీ వాలీ?" అని, అంటే వదినగారిదేనా అని అడిగి ఇచ్చేసేవాడు. చీటీ చూపించమని ఒక్కసారీ అడగలేదు. అడగాలని మాకూ తెలియదు.

నాకు తలనొప్పులు పన్నెండో తరగతిలో మొదలయ్యాయి. అమ్మ ముందు బామ్ రాసింది. తర్వాత అల్లం టీ ఇచ్చింది. ఒకరోజు ప్రీబోర్డు పరీక్ష ఉంది, నేను పుస్తకం ముందు తల పట్టుకుని ఏడుస్తున్నాను. అమ్మ కాసేపు నిలబడి చూసి, డబ్బాలోంచి మోకాళ్ల బిళ్ల తీసి సగం విరిచి ఇచ్చింది.

"ఇది మోకాళ్లకు కదమ్మా?"

"నొప్పికి మోకాలేంటి, తలేంటి? వేసుకో అమ్మలూ. ఖాళీ కడుపుతో మాత్రం వేసుకోకు."

కాసేపటికి నొప్పి పోయింది. నేను చదువుకుంటుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసిన చూపు నాకింకా గుర్తుంది. నా నొప్పి తగ్గించగలగడం ఆమెకు ఎంత సంతోషమో ఆ ముఖంలో కనబడింది. తర్వాత సగం బిళ్ల ఒకటైంది. ఖాళీ కడుపుతో వేసుకోకూడదన్న ఆ ఒక్క నియమాన్ని నేను ఏనాడూ తప్పలేదు. ఇంట్లో నాకు మందుల గురించి చెప్పింది అదొక్కటే.

డిగ్రీలో చేరాక సీఏ కోచింగ్ కోసం ఢిల్లీ లక్ష్మీనగర్‌లో పీజీ హాస్టల్లో ఉన్నాను. ఉదయం కాలేజీ, సాయంత్రం కోచింగ్, రోజూ ఫరీదాబాద్ నుంచి తిరగడం కుదరలేదు. నన్ను దింపడానికి వచ్చినరోజు అమ్మ ఆవకాయ సీసా, కందిపొడి, రెండు దుప్పట్లతోపాటు నాలుగు అట్టల మోకాళ్ల బిళ్లలు కూడా అలమరాలో పెట్టి వెళ్లింది. నాకది ఆవకాయలాగే అనిపించింది, ఇంటినుంచి వచ్చిన వస్తువు.

నా రూమ్మేట్ రచన పట్నా అమ్మాయి. వాళ్లమ్మ బ్యాంకులో పనిచేస్తుంది. మొదటి వారంలోనే నేను బిళ్ల వేసుకోవడం చూసి హిందీలో అడిగింది, "ఎవరు రాశారు?"

"మమ్మీ."

"మమ్మీ డాక్టరా?"

"కాదు. మమ్మీ."

రచన నవ్వేసింది. వాళ్లింట్లో ఎవరు ఏ మందు చేతిలోకి తీసుకున్నా వాళ్లమ్మ మొదట అడిగేది అదేనట, ఎవరు రాశారు అని. చిన్నప్పటినుంచి విని విని తనకూ నోటికి వచ్చేసిందట. నాకది చాదస్తంలా అనిపించింది. మా అమ్మే నయం, అడిగిన వెంటనే ఇస్తుంది అనుకున్నాను.

*

రెండో ఏడాది మే నెలలో ఢిల్లీ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పరీక్షలు, కోచింగ్‌లో టెస్టులు ఒకేసారి వచ్చాయి. పీజీలో బాత్రూమ్ కోసం వరుసలో నిలబడాలి కాబట్టి నీళ్లు తక్కువ తాగడం అందరికీ అలవాటే. నాకు దాదాపు రోజూ తలనొప్పి. పొద్దున ఒక బిళ్ల, సాయంత్రం ఒకటి, టెస్టు ఉన్నరోజు మధ్యలో ఇంకొకటి. అమ్మకు ఫోన్‌లో చెప్పేదాన్ని. దాచలేదు, దాచాల్సిన విషయమని అనిపిస్తే కదా.

"పెరుగన్నం తిని వేసుకో," అనేది. "అయిపోతే చెప్పు, నాన్నతో పంపిస్తా."

తర్వాత వాంతులు మొదలయ్యాయి. మెస్ తిండి అనుకున్నాను. పొద్దున్నే లేచేసరికి కళ్లకింద ఉబ్బి ఉండేది. నిద్ర చాలక అనుకుంది అమ్మ. చెప్పులు బిగుతయ్యాయి. మూత్రం బాగా తగ్గిపోయిందని నేను గమనించాను కానీ, నీళ్లు తాగడం లేదుగా అని సరిపెట్టుకున్నాను. నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి. మనిషిని మనిషిగా ఉండనివ్వని అలసట.

ఆఖరి పరీక్ష రాసి వచ్చిన మధ్యాహ్నం మెట్లమీదే కూలబడ్డాను. ఊపిరి అందలేదు. రచన నా ముఖం చూసి, ఫోన్ తీసి వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి నా ముఖం ముందు పెట్టింది. అంత దూరాన బ్యాంకు కౌంటర్లో కూర్చున్న ఆ ఆంటీ, నన్ను ఎన్నడూ చూడని మనిషి, ఒక్కటే మాట అంది: "పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లు బేటా. వేసుకుంటున్న మందులన్నీ కూడా పట్టుకెళ్లు."

ఆటోలో రచన నన్ను పొదివి పట్టుకుని కూర్చుంది. ఎదురుగాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంది. నేను మాత్రం చలికి వణుకుతున్నాను.

అమ్మా నాన్నా వచ్చేసరికి నన్ను ఎమర్జెన్సీలో పడుకోబెట్టారు. అమ్మ చేతిలో స్టీలు క్యారియర్. నేనేమీ తినలేదని పెరుగన్నం తెచ్చింది. కిడ్నీల డాక్టరు నలభై ఏళ్ల ఆవిడ, మెల్లగా మాట్లాడే మనిషి. రిపోర్టులు చూసి, అట్టలు చూసి, ఇవి ఎక్కడివి అని హిందీలో అడిగింది. నేను జవాబు చెప్పేలోగా అమ్మ తన పర్సులోంచి ఒక అట్ట తీసి చూపించింది.

"యే మేరా వాలా. అచ్ఛా హై," అంది. ఇది నేను వాడేదే, మంచిదని అనుభవజ్ఞురాలు చెప్పినట్టు చెప్పింది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదేమో. అట్టను తీసుకుని తిప్పి చూసి, ఎన్నాళ్లనుంచి అని అడిగింది. నేను చెప్పాను. ఇంగ్లీషులో నాతోనే అంది, "నొప్పి మాత్రలు ఇన్నాళ్లు, ఈ ఎండలో, నీళ్లు లేకుండా. నీ కిడ్నీలు ప్రస్తుతానికి పనిచేయడం ఆపేశాయి. మళ్లీ మొదలవుతాయని నా ఆశ. అప్పటిదాకా ఆ పని మిషన్ చేయాలి."

"ఏవంటోందే?" అని అమ్మ.

"మిషన్ పెడతారట."

"ఎందుకూ?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న గోడవైపు తిరిగి ఉన్నారు.

*

మెడ దగ్గర గొట్టం పెట్టినప్పుడు కంటే, మొదటిసారి నా రక్తం నా కళ్లముందే బయటికి వెళ్లి తిరిగి రావడం చూసినప్పుడు ఎక్కువ భయమేసింది. ఒళ్లంతా చలి. నా పక్క మంచాల్లో అందరూ పెద్దవాళ్లే. ఒకాయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల పిల్ల అక్కడ ఉండటం ఆయనకే బాగాలేనట్టుంది.

అమ్మ బయట హాల్లో కూర్చునేది. ఆ హాల్లో బెంచీలు తక్కువ, మనుషులు ఎక్కువ. పల్వల్ నుంచి వచ్చే ఒక ఆంటీ తన భర్త కోసం వచ్చి, రోజూ అమ్మకు పక్కన చోటు ఆపేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ రొట్టె, పచ్చడి విప్పి సగం అమ్మ చేతిలో పెట్టేది. అమ్మ ఏడిస్తే కొంగుతో ముఖం తుడిచేది. "ఆవిడ నాతో ఏవేవో చెప్తుందే, ఒక్క ముక్క అర్థం కాదు. కానీ పక్కనుంటే బాగుంటుంది," అనేది అమ్మ.

నాన్న అసలే తక్కువ మాట్లాడే మనిషి. ఆసుపత్రిలో అది కూడా పోయింది. ఒక మధ్యాహ్నం నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. నిద్రపోయాననుకున్నారు.

"పిల్లకి ఏం మింగిస్తున్నావో తెలియదా నీకు?" అన్నారు నాన్న.

"తలనొప్పంటే ఇచ్చానండీ. నేనూ అదేగా వేసుకుంటాను."

"నువ్వూ అదీ ఒకటేనా?"

ఆ తర్వాత చాలా రోజులు వాళ్లిద్దరూ "టీ కావాలా", "రిపోర్టు వచ్చిందా" తప్ప ఇంకో మాట మాట్లాడుకోగా నేను వినలేదు. నాకు జబ్బు చేసిన రోజుల్లో అన్నిటికంటే కష్టమైంది అదే. ఆ మధ్యాహ్నమే కళ్లు తెరిచి ఏదో ఒకటి అనాలనుకున్నాను. తెరవలేదు.

జూన్ మొదటి వారమైనా నా మూత్రం పెరగలేదు. డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు అమ్మ ఆవిడ దారికి అడ్డంగా నిలబడి, చేత్తో తన నడుం చూపించి, తర్వాత నన్ను చూపించింది. "మేరా లేలో," అంది, నావి తీసుకోండని.

డాక్టరు చిన్నగా నవ్వింది. అంతదాకా రాలేదు, ఇంకా ఓపిక పట్టాలి అని నాతో చెప్పించింది. వెళ్లబోతూ ఆగి, అమ్మ కాళ్లవైపు చూసింది. చీర అంచు కింద అమ్మ పాదాలు బూరెల్లా ఉన్నాయి. మా అందరికీ ఆ పాదాలు ఎప్పటినుంచో తెలుసు. నిలబడి పనిచేసేవాళ్లకు అంతే కదా అనుకునేవాళ్లం. డాక్టరు అమ్మను నా మంచం మీదే కూర్చోబెట్టి బీపీ చూసింది. ఒకసారి చూసి, మళ్లీ చూసింది. నర్సును పిలిచి రక్తం తీయించింది.

"నాదెందుకే?" అంది అమ్మ. అంతలోనే తనే జవాబు చెప్పుకుంది. "ఇవ్వడానికి సరిపోతుందో లేదో చూస్తారు కాబోలు."

మర్నాడు నాన్న ఫ్యాక్టరీకి వెళ్లక తప్పలేదు. డాక్టరు అమ్మ రిపోర్టు పట్టుకుని వచ్చి, మీ నాన్నగారు ఎప్పుడొస్తారని అడిగింది. సాయంత్రం దాకా రారన్నాను. ఆవిడ చేతిలో కాగితం చూసి అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఇక చెప్పక తప్పలేదు ఆవిడకు. ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా చెప్పింది. అమ్మ కిడ్నీలు నావాటిలా ఇప్పుడు ఆగినవి కావు. ఏళ్లతరబడి కొంచెం కొంచెంగా పాడవుతూ వచ్చాయి. ఎవరూ చూసుకోని బీపీ ఒకటి, ఆ మాత్రలొకటి. నావి తిరిగి రావచ్చు. అమ్మవి రావు. మందులతో కొన్నాళ్లు లాగొచ్చు, ఆ తర్వాత మిషన్.

"ఏవంటోందే?"

చిన్నప్పటినుంచి అమ్మకు ఎన్నో చెప్పాను. కరెంటు బిల్లు ఎందుకు ఎక్కువ వచ్చిందో చెప్పాను, పక్కింటావిడ ఎందుకు అలిగిందో చెప్పాను. ఆ రోజు నాకు తెలుగు రాలేదు.

"నీ కిడ్నీలు కొంచెం బలహీనంగా ఉన్నాయటమ్మా. బీపీ కూడా ఉందట. మందులిస్తానంటోంది."

"అంతేనా? చాలాసేపు మాట్లాడిందే."

"డాక్టర్లు అంతేగా."

"సర్లే. నీకు పనికొస్తాయా, రావా? అది అడుగు."

నేను అడగలేదు. అమ్మ నా ముఖం చూసి, నాతో పని లేనట్టు డాక్టరు వైపు తిరిగి, మళ్లీ చేత్తో తన నడుం చూపించి, నన్ను చూపించింది. డాక్టరు ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని తల అడ్డంగా ఊపింది. దానికి నేను మధ్యలో ఉండాల్సిన అవసరం రాలేదు.

అమ్మ అప్పుడు ఏడ్చింది. తన ఒంట్లో ఏముందో అప్పటికింకా ఆమెకు సరిగా తెలియదు. నాకు ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని ఏడ్చింది.

*

వానలు మొదలయ్యేసరికి నా శరీరం నెమ్మదిగా మాట వినసాగింది. ఒక పొద్దున నర్సు సీసాలో మూత్రం కొలిచి, పరీక్షలో ఫస్టొచ్చినట్టు నా బుగ్గ గిల్లింది. మిషన్ ఆపేశారు. మెడ దగ్గర గొట్టం తీసేశారు. పూర్తిగా మునుపటిలా అవుతాయా అని అడిగితే, డాక్టరు అబద్ధం చెప్పలేదు. "కొంత మచ్చ మిగులుతుంది. దానితో జాగ్రత్తగా బతకాలి. ఇక జన్మలో ఈ రకం మాత్రలు ముట్టుకోకూడదు," అంది. ఆ తర్వాత అడిగింది, "అసలు నీకు తలనొప్పి ఎందుకు వస్తుందో ఎప్పుడైనా చూపించుకున్నావా?"

లేదు. తగ్గిందా అని అందరూ అడిగారు కానీ, ఎందుకు వస్తోందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక నాన్న కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కళ్లజోడు కావాలన్నారు. పెట్టుకున్న కొన్నాళ్లకు తలనొప్పి చాలావరకు పోయింది. ఆ విషయం చెప్పినప్పుడు అమ్మ పప్పు కలుపుతోంది. గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అద్దాలు, అంది. అద్దాలా, అని మళ్లీ అంది.

అప్పటికి అమ్మకు తన సంగతి పూర్తిగా తెలుసు. నాన్న చెప్పారు. ఎలా చెప్పారో నాకు తెలియదు, నేను గదిలో లేను. కానీ ఆ మర్నాడు ఇడ్లీ తినేటప్పుడు నాన్న ఉన్నట్టుండి అన్న మాట మాత్రం విన్నాను.

"ఆసుపత్రిలో నిన్ను అన్నాను కదా సుజాతా. ఆ బిళ్లలు నువ్వు వెళ్లి కొన్నావా? నెలనెలా తెచ్చింది నేను. స్కూటరు కూడా దిగకుండా తెచ్చాను."

అమ్మ ఆయన ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. "తినండి. చల్లారిపోతోంది," అంది. నెలన్నరగా మా ఇంట్లో బిగుసుకుపోయినదేదో ఆ పూట సడలింది. నేను లేచి వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి, కాసేపు అలా నిలబడ్డాను.

రేకు డబ్బాను నాన్న ఖాళీ చేశారు. ఇప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నిటి మీదా నాన్న చేతిరాతతో ఎవరికి, ఎందుకు, ఎప్పటిదాకా అని రాసి ఉంటుంది. మంచిదే. కానీ ఒకప్పుడు చెయ్యి పెట్టి పొరపడకుండా తీసిన మనిషి, ఇప్పుడు ఏది తినాలన్నా నన్ను అడుగుతోంది. కొత్తిమీర వేసుకోవచ్చా? చిటికెడు ఇంగువ? కాలేజీలో ఉండగా ఫోన్ చేసి, "అమ్మలూ, దగ్గొస్తోంది, మిరియాల పాలు తాగనా?" అని అడుగుతుంది. ఆ గొంతులో ఇంత జంకు ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. జాగ్రత్త నేర్చుకోవడం వేరు, ధైర్యం పోవడం వేరు. అమ్మకు రెండూ ఒకేసారి జరిగాయి.

బంధువులకు మాత్రం అసలు సంగతి చెప్పలేదు. నాకు వడదెబ్బ తగిలి అలా అయిందన్నాం. అమ్మకు బీపీ వల్ల అన్నాం. ఆ రెండూ పూర్తి అబద్ధాలు కావు కాబట్టి చెప్పడం తేలికైంది. కాకినాడలో మా పద్మ పిన్ని రోజూ ఫోన్ చేసి ఏడ్చేది. "మన వంశంలో ఎవరికీ లేదే అక్కా," అనేది. "నా రాత," అని అమ్మ ఊరుకునేది.

*

డాక్టరు అనుకున్నదానికంటే ముందే, చలికాలంలో అమ్మకు మిషన్ మొదలైంది. అదే హాలు, అవే బెంచీలు. ఈసారి బయట కూర్చునేది నేను. పొగమంచు పొద్దుల్లో ఫరీదాబాద్ నుంచి క్యాబ్‌లో వెళ్లేటప్పుడు అమ్మ శాలువాలో ముడుచుకుని నా మీదకు ఒరిగేది. తిరిగొచ్చేటప్పుడు పూర్తిగా నా ఒళ్లోనే. పల్వల్ ఆంటీ మళ్లీ కనబడలేదు. వాళ్లాయన మంచంలో వేరే మనిషి ఉన్నాడు. నర్సును అడుగుదామని రెండుమూడుసార్లు అనుకుని, అడగలేకపోయాను.

నేను కిడ్నీ ఇద్దామంటే నావి పనికిరావు. నాన్నకు షుగర్. అమ్మ పేరు ఎదురుచూసేవాళ్లలో రాయించాం. ఎన్నాళ్లంటే ఎవరూ చెప్పలేరు.

నాకు ఒక ఏడాది పోయింది. సీఏ ప్రస్తుతానికి పక్కన పెట్టాను. ఇంటినుంచే మెట్రోలో కాలేజీకి వెళ్తున్నాను. లక్ష్మీనగర్ గదిలో రచన ఇంకో అమ్మాయితో ఉంటోంది. ఆదివారాలు ఫోన్ చేసి మొదట అమ్మ ఎలా ఉందని అడుగుతుంది, ఆ తర్వాతే నన్ను. వాళ్లమ్మ చిన్నప్పటినుంచి అడిగిన ఆ ఒక్క ప్రశ్న గురించి నేను తరచూ ఆలోచిస్తుంటాను. వాళ్లమ్మ మా అమ్మకంటే ఎక్కువ ప్రేమగల మనిషేమీ కాదు. ఇల్లు ఎలా చేస్తే పిల్లలు అలా చేస్తారు. మా ఇద్దరి ఇళ్లకూ తేడా అంతే.

పిన్ని కూతురు హారిక పోయినేడు గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్‌లో చేరింది. హాస్టల్లో ఉంటుంది. మొన్న మార్చిలో ఒక ఆదివారం పొద్దున పిన్ని ఫోన్ చేసింది. అమ్మ బాల్కనీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. మిషన్ కోసం ఆపరేషన్ చేసిన ఎడమచేతికి బరువు పెట్టకూడదని, ఫోన్ పిట్టగోడ మీద పెట్టి స్పీకర్లో మాట్లాడుతుంది ఎప్పుడూ. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను.

కాసేపు మామూలు కబుర్లయ్యాక పిన్ని అంది, "అక్కా, మా హారిక నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోందే. ఎల్లుండి పరీక్షలు దానికి. నువ్వు వేసుకునేదానివి చూడు, మోకాళ్ల బిళ్ల, చిటికెలో తగ్గిపోయేదని. దాని పేరేంటి? అమ్మలు చేత రెండట్టలు పంపిస్తావా?"

బఠాణీలు గిన్నెలో పడే చప్పుడు ఆగింది.

"హారికని లైన్లోకి తీసుకో," అంది అమ్మ.

"దాన్నెందుకూ? నాకు చెప్పు, నేను..."

"తీసుకోవే పద్మా."

కాసేపటికి హారిక గొంతు వినబడింది. నిద్రలోంచి లేచినట్టుంది. "పెద్దమ్మా, ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నానమ్మా. నీకు నొప్పి ఎక్కువగా ఉంటోందటగా. డాక్టరుకు చూపించుకున్నావా?"

"లేదు పెద్దమ్మా. అందరికీ ఉండేదేగా. అమ్మ ఏదో టాబ్లెట్ ఉందంది."

"ఉంది. అది వేసుకోకు." అమ్మ ఆగింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అక్కకి వడదెబ్బని చెప్పాం చూడు మీకు. వడదెబ్బ కాదమ్మా. ఆ బిళ్ల వల్ల అయింది. అడిగినప్పుడల్లా ఇచ్చాను. అడగకపోయినా పంపించాను. నా కిడ్నీలు నేనే పోగొట్టుకున్నాను, దానివి నా చేత్తో పోగొట్టబోయాను."

"అక్కా..." అంది పిన్ని.

"ఉండు పద్మా. దాన్ని విననీ. చూడమ్మా హారికా, రేపు అమ్మలు వస్తుంది నీ దగ్గరికి. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆవిడ రాసిస్తే వేసుకో, రాసినన్ని రోజులే వేసుకో. మీ అమ్మ చెప్పినా, నేను చెప్పినా వేసుకోకు. విన్నావా?"

నేను బట్టలు వదిలేసి బాల్కనీ గుమ్మంలోకి వచ్చాను. అమ్మ నన్ను చూసింది. నీ తప్పు కాదమ్మా అని అప్పటికి ఎన్నోసార్లు అన్నాను. ఆసుపత్రిలో అన్నాను, క్యాబ్‌లో అన్నాను, నిద్రపట్టక కూర్చున్న మనిషి పక్కన కూర్చుని అన్నాను. ఆ మాట మళ్లీ నాలుక చివరిదాకా వచ్చింది.

అనలేదు. అవతల హారిక వింటోంది.